తేలు కుట్టిన బిడ్డ

మన భాషలో తేలునకు దొరికిన చోటు మఱి యే పురుగునకును దొరకలేదు. తప్పు చేసి నోరు మెదపలేనివానిని తేలు కుట్టిన దొంగ యందుము. అల్పునకు అధికారము చిక్కినచో తేలునకు పెత్తన మిచ్చినట్లయ్యెనని నవ్వుదుము. తేలునకు విషము తోకయందుండునని బడికి పోవు పసివాడు సైతము పద్యము చదివి చెప్పును. ఇన్ని మాటలలోను తేలనగా బాధయే కాని చావు కాదు. పాము కఱచినదన్న ఊరంతయు పరుగెత్తును. తేలు కుట్టినదన్న, తెల్లవారువఱకు ఓర్చుకొమ్మని పెద్దలు ఓదార్చి పండుకొందురు. పెద్దవారి విషయమున ఈ యోదార్పు చాలవఱకు నిజమే. పసిబిడ్డల విషయమున అది నిజము కాదు. ఈ భేదమును తెలిసికొనుటకు లోకమునకెంత కాలము పట్టినదో, తెలిసికొన్నవారెవ్వరో, తెలిసిన సంగతి ఇంటింటికి చేరకపోవుటవలన ఏమి జరిగినదో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

నాకు తెలిసిన యొక సంగతితో మొదలు పెట్టెదను. 1987వ సంవత్సరపు వేసవిలో నాకు ఎనిమిదేండ్లు. మా పొరుగింట నాకు తమ్ముని వరుసయైన బాలుడొకడుండెను. నాకంటె రెండేండ్లు చిన్నవాడు. మునిమాపువేళ గడ్డివామి చెంత ఆడుకొనుచుండగా వాని కాలివ్రేలిని ఎఱ్ఱని చిన్న తేలొకటి కుట్టెను. పిల్లవాడు గావుకేకలు వేసెను. మంత్రగాని పిలిచిరి. అతడు వేపమండతో దిగదుడిచి, నీళ్లు చల్లి, చెవిలో నూదెను. కొంతసేపటికి ఏడ్పు తగ్గెను. "దిగింది" అని అతడనెను. దక్షిణ పుచ్చుకొని పోయెను. పిదప పిల్లవాడు రెండు మూడు మాఱులు వాంతి చేసికొనెను. చొక్కా పిండునట్లు చెమట పోసెను. విషము బయటికి పోవుచున్నదని చుట్టునున్నవారు సంతోషించిరి. తల్లి మాత్రము అత్తగారితో, "అత్తయ్యా, వీడి కాళ్లు చల్లగా ఉన్నాయే" అని పలుమాఱులు అనెను. "విషం దిగేటప్పుడు అట్లాగే ఉంటుందిలే అమ్మా" అని ఆ పెద్దావిడ సమాధానము చెప్పెను. నడిరేయి దాటిన తరువాత వానికి ఎగఊపిరి పట్టెను. నోట నురుగు కనబడెను. బండి కట్టులోపలనే అంతయు ముగిసినది.

ఆ తల్లి పలికిన చిన్న మాటయందే రోగనిర్ణయమంతయు ఇమిడియున్నదని నేను గ్రహించుటకు ఇరువదియేండ్లకు పైగా పట్టినది.

మన ప్రాచీనులు ఈ విషయమున కన్నులు మూసికొన్నవారు కారు. సుశ్రుతసంహితలోని కల్పస్థానము విషములను గూర్చి చెప్పు భాగము. అందు వృశ్చికములు మందవిషములు, మధ్యవిషములు, మహావిషములు అని మూడు తెగలుగా విభజింపబడినవి. మొదటి తెగలో 12, రెండవ తెగలో 3, మూడవ తెగలో 15, వెరసి 30 జాతులు లెక్కింపబడినవి. మందవిషములు కుళ్లిన పేడనుండియు, మధ్యవిషములు కట్టెలనుండి యిటుకలనుండియు, మహావిషములు కుళ్లిన సర్పకళేబరములనుండియు పుట్టునని అందు వ్రాయబడియున్నది. ఈ జన్మవృత్తాంతము సత్యము కాదు. తేలు గ్రుడ్లు కూడ పెట్టదు. పిల్లలనే కని వీపుపై మోయును. కాని తేళ్లన్నియు నొకటి కావనియు, వానిలో ప్రాణము తీయగలవి కొన్ని కలవనియు ఆ గ్రంథకర్త కనిపెట్టిన విషయము నేటికిని చెక్కుచెదరలేదు. మనము ఆ పరిశీలనమును పెంచుకొనలేదు. విభాగమును మఱచి, మంత్రమును మిగుల్చుకొంటిమి.

మన యిండ్లలో రూపముచేత భయపెట్టునది మండ్రగబ్బ. నల్లగా, లావుగా, పెద్ద పెద్ద డెక్కలతో చూచువారికి వెఱపు కలిగించును. కాని దాని విషము చాలవఱకు బాధతోనే ముగియును. ప్రాణాపాయము తెచ్చునది ఎఱ్ఱతేలు. ఇది చిన్నది; రెండు మూడంగుళముల పొడవుండును; డెక్కలు సన్నములు, తోక బలిష్ఠము. 1798లో ఫాబ్రీసియస్ అను డేనిష్ పండితుడు దీనికి తమిళదేశమును సూచించునట్లు టాములస్ అని పేరు పెట్టెను. పిమ్మట దీని వంశనామము పలుమాఱులు మార్చబడినది: బ్యూథస్, మెసోబ్యూథస్, ఇప్పుడు హాటెన్‌టోట్టా. పేర్లు మాఱినను పురుగు మాఱలేదు. పడమటి కనుమలకును సముద్రమునకును నడుమనున్న కొంకణము దీనికి పెట్టినది పేరు. మరాఠ్వాడా, కర్ణాటకము, తమిళదేశము, మన తెలుగు జిల్లాలు కూడ దీనికి నివాసములే. ఱాళ్లసందులు, కట్టెలమోపులు, గడ్డివాములు, పెంకుటింటి కప్పులు, విప్పి వదలిన చెప్పులు దీనికిష్టమైన తావులు. వేసవియందును, వానలు వెనుకబట్టిన దినములయందును ఇది ఎక్కువగా తిరుగును.

ఇక మంత్రము సంగతి. మంత్రగాడు మోసగాడని తిట్టుట సులభము. అతని మంత్రము వేలకొలది జనులకు ఏల పనిచేసినట్లు తోచినదో విచారించుట అంతకంటె ప్రయోజనకరము. తేలు కుట్టినవారిలో అధికసంఖ్యాకులకు కలుగునది స్థానికమైన బాధ మాత్రమే. అది కొన్ని గంటలలో, మహా యైన నొక దినములో, దానంతటదియే తగ్గును. మంత్రము వేసినను తగ్గును, వేయకున్నను తగ్గును. కాబట్టి తేలుమంత్రము నేర్చినవాడు తన యాయువులో నెక్కువ పర్యాయములు జయించియే తీరును. జయమునకు కారణము వేఱొకటియని అతనికే తెలియదు. అతనిలో కపటము లేకపోవచ్చును. లేనివాడు కనుకనే మఱింత అపాయకరుడు. ఒక సంగతి జరిగిన పిదప మఱియొకటి జరిగిన మాత్రమున మొదటిది రెండవదానికి కారణము కానేరదని మన తర్కశాస్త్రము కాకతాళీయన్యాయముచేత ఏనాడో బోధించినది. ఆ న్యాయమును పాఠశాలలో వల్లించి, ఇంటికి వచ్చి వేపమండను నమ్మితిమి.

అంతకంటె క్రూరమైన విశేషము వేఱొకటి కలదు. విషము ఒడలంతయు వ్యాపించి గుండెను పట్టిన రోగులలో కుట్టినచోట బాధ తఱచుగా స్వల్పముగా నుండునని కొంకణవైద్యులు గమనించిరి. నొప్పితో అల్లాడు పెద్దవాడు మఱునాటికి పొలమునకు పోవును. నొప్పి తగ్గి యూరకున్న పసివాడు అపాయములో నుండవచ్చును. బాధ తగ్గుటయే విషము దిగుట యని నమ్మువారికి ఇంతకంటె మోసకరమైన గుఱుతు వేఱొకటి యుండునా? మా పొరుగింటివారి విషయమున జరిగినది ఇదియే.

తేలు విడుచు విషము పెద్దవానికిని పసివానికిని ఒక్కటే కొలత. పది పండ్రెండు కిలోగ్రాముల బరువుగల బిడ్డ యొడలిలో అది పెద్దవాని యొడలిలోకంటె అయిదాఱు రెట్లు చిక్కబడును. అది చేయు పని యిట్టిది. మన నాడులలో సోడియము ప్రవేశించుటకు సూక్ష్మద్వారములు కలవు. నాడి యొక వార్తను కొనిపోయినంతనే ఆ ద్వారములు మూసికొనవలెను. ఎఱ్ఱతేలు విషము వానిని మూసికొననీయదు. అందుచేత నాడులు పిలువని పిలుపులు పిలుచుచు, చెప్పని పనులు చెప్పుచు పోవును. మొదట నోట చొంగ కాఱుట, వాంతులు, ధారగా చెమట, మగపిల్లలలో అవయవస్తంభనము కలుగును. వెంటనే అడ్రినలిన్ మొదలగు రసములు రక్తములోనికి వఱదవలె వచ్చిపడును. చిన్న రక్తనాళములన్నియు బిగిసికొనును. కాళ్లు చేతులు చల్లబడును. రక్తపుపోటు హెచ్చును. బిగిసిన నాళములలోనికి రక్తమును నెట్టలేక లేత గుండె అలసిపోవును. అప్పుడు ఊపిరితిత్తులలో నీరు నిండును. నురుగు పైకి వచ్చును. బిడ్డ నేలమీదనే యుండి నీట మునిగినవానివలె చనిపోవును.

ఈ క్రమము నేడు వైద్యవిద్యార్థులందఱకును తెలిసినదే. కాని ఒకప్పుడు దీనిని తేలుకుట్టువలన అరుదుగా కలుగు ఉపద్రవమని తలచిరి. ఇక్కడ చరిత్ర మనకు ముఖ్యమైన పాఠమొకటి నేర్పుచున్నది. అరుదు అను మాట రోగమును గూర్చి చెప్పుచున్నట్లు తోచును కాని పెక్కుమాఱులు అది చూచువానిని గూర్చియే చెప్పును. పల్లెలలో చచ్చిన బిడ్డలు పట్టణపు వైద్యశాలల లెక్కలలోనికి రాలేదు. లెక్కకు రానిది అరుదైనది.

ఈ లెక్క ఎట్లు తెఱవబడినదో చూతము. 1909లో ఈజిప్టుదేశమున చార్లెస్ టాడ్ అను నతడు తేలువిషమునకు ప్రతివిషమైన సీరమును సిద్ధపఱచి ప్రకటించెను. ఆ దేశమునను, అల్జీరియాలోను, మెక్సికోలోను తేలుకుట్టుచే చచ్చువారిలో పిల్లలే ఎక్కువ యను సంగతి ఎఱుకపడినది. మన దేశమున బొంబాయిలోని హాఫ్కిన్ సంస్థకు చెందిన మహస్కర్, కైయస్ అను పరిశోధకులు 1931లో పాముకాటునకు మందులని పేరుగాంచిన దేశీయౌషధులను పరీక్షించి అవి విషమును విఱువజాలవని తేల్చిరి. 1932లో భారతదేశపు తేళ్లను గూర్చి వ్రాసిరి. 1938లో వెస్టిండీసులోని ట్రినిడాడ్ ద్వీపమునుండి వాటర్‌మన్ అను వైద్యుడు అచటి తేలువిషమును గూర్చి ప్రకటించిన వ్రాతలు ఈ శాస్త్రమున ప్రసిద్ధములు. 1961లో ముండ్లే యను భారతీయవైద్యుడు తేలు కుట్టిన పిదప ఊపిరితిత్తులలో నీరు చేరుటను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. 1963లో ట్రినిడాడునుండియే పూన్‌కింగ్ అను నతడు తేలువిషముచే గుండెకండరము దెబ్బతినుటను వర్ణించెను.

1970వ సంవత్సరము ఈ చరిత్రలో చెప్పుకొనదగినది. ఆ యేడు అదే బ్రిటిష్ పత్రికలో రెండు వ్యాసములు వెలువడినవి. ఒకటి మనవారిది: సీతాదేవి, నాగేశ్వరరెడ్డి మొదలగు తెలుగు వైద్యులు వ్రాసినది. తేలు కుట్టిన కొందఱిలో రక్తము గడ్డకట్టుటకు కావలసిన ఫైబ్రినోజెన్ అను పదార్థము ఖర్చయిపోయి రక్తము గడ్డకట్టు శక్తిని కోల్పోవునని వారు చూపిరి. పామువిషములలో ప్రసిద్ధమైన ఈ విపత్తు తేలువలన కూడ కలుగునని చెప్పుట అప్పటికి క్రొత్త. ప్రపంచవైద్యులు నేటికిని ఆ వ్యాసమును ఉదాహరింతురు. మనలో దాని పేరు విన్నవారు కొలదిమంది. రెండవది ట్రినిడాడుది. బార్తలోమ్యూ అను వైద్యుడు వరుసగా వచ్చిన 30 మంది రోగులను పరీక్షించి వారిలో 24 మందికి క్లోమగ్రంథి వాచినట్లు కనుగొనెను. అంతకుముందు దీనిని వింతగా చెప్పుకొనిరి. వెదకిన పిమ్మట అది అయిదింట నాలుగు వంతుల రోగులలో కనబడినది. అరుదన్నది ఎక్కడికి పోయినది? ఆ వింతతనము రోగములో లేదు, వెదకకపోవుటలో నున్నది.

నిజముగా అరుదైన ఉపద్రవములు కూడ లేకపోలేదు. అందు మిక్కిలి దుఃఖకరమైనది పక్షవాతము. తేలు కుట్టిన పిల్లలు ప్రాణముతో బయటపడి, ఒక చేయియు కాలును పడిపోయి, మాట పోయి మిగిలిన సందర్భములు మన దేశపు వైద్యపత్రికలలో నచ్చటచ్చట ప్రకటింపబడినవి. రక్తపుపోటు ఒక్కసారిగా మితిమీఱినచో మెదడులోని నాళము చిట్లవచ్చును. నాళము బిగిసికొనిపోయినచో మెదడులో కొంతభాగమునకు రక్తము అందక చచ్చిపోవచ్చును. బలహీనపడిన గుండెలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు ప్రవహించి అడ్డుపడవచ్చును. రక్తము గడ్డకట్టు గుణమే చెడిపోయి మెదడులో స్రవించుటయు కలదు. ఒకే విషము విరుద్ధములైన త్రోవలలో పోయి ఒకే చోటికి చేరుట విచిత్రము. ఇట్టి బిడ్డకు మూర్ఛలు వచ్చినపుడు మన పల్లెలలో దానిని గాలి సోకినదనియో, దృష్టి తగిలినదనియో తలంతురు. తేలు కుట్టిన సంగతి వైద్యునికి చెప్పనే చెప్పరు. నొప్పి మానిపోయెను గదా యని వారి భావము.

ఇరానుదేశపు ఖూజిస్తాన్ ప్రాంతమునందలి యొక తేలు ఇంతకంటె మాయావి. హెమిస్కార్పియస్ లెప్టూరస్ అను ఆ తేలు కుట్టినపుడు బాధ దాదాపుగా నుండదు. పిమ్మట కుట్టినచోట చర్మము నల్లబడి కుళ్లును, రక్తకణములు పగులును, మూత్రము నల్లని రంగులో వచ్చును, మూత్రపిండములు పనిచేయుట మానును. చచ్చువారిలో పిల్లలే ఎక్కువ. బాధను మాత్రమే కొలమానముగా పెట్టుకొన్నవారు అచటను మోసపోయినారు.

ఇక కొంకణము సంగతికి వత్తము. హిమ్మతరావు బావస్కర్ మహారాష్ట్రమున జాల్నా జిల్లాకు చెందిన పేద రైతుకుటుంబమున పుట్టినవాడు. కూలినాలి చేసికొనుచు చదివి నాగపురమున వైద్యవిద్య ముగించెను. 1976లో అప్పటి కొలాబా జిల్లాలో, అనగా నేటి రాయగఢ జిల్లాలో, మహాడ్ పట్టణము చెంతనున్న బిర్వాడి గ్రామపు ప్రాథమికారోగ్యకేంద్రమున ఉద్యోగములో చేరెను. అచట తేలు కుట్టిన రోగులు రాత్రింబగళ్లు వచ్చుచుండిరి. ఆరోగ్యముగా ఆడుకొను పిల్లలు కొన్ని గంటలలో నురుగు క్రక్కి చనిపోవుచుండిరి. వైద్యగ్రంథములలో తేలుకుట్టునకు చెప్పబడిన చికిత్స వారిని బ్రదికింపలేదు. అపాయకరముగా కుట్టబడిన రోగులలో ఆ కాలమున నూటికి ముప్పదినుండి నలువదిమంది వఱకు చనిపోవుచుండిరి.

ఆ యువవైద్యునియొద్ద గొప్ప పరికరములు లేవు. అతడు చేసిన పని యొక్కటే: రోగి ప్రక్కను విడువకుండుట. నాడి యెంత, రక్తపుపోటు ఎంత, చెమట ఎప్పుడు పోసినది, వాంతి ఎప్పుడైనది, కాళ్లు ఎప్పుడు చల్లబడినవి అని గంటగంటకు వ్రాసికొనుచు కూర్చుండెను. ఆ వ్రాతల ఫలముగా 1982లో లాన్సెట్ అను సుప్రసిద్ధ వైద్యపత్రికలో ఆయన వ్యాసము వెలువడెను. గుండె చెడుటకు ముందే కనబడు గుఱుతులను అందు చెప్పెను: వాంతులు, అధికమైన చెమట, చొంగ, మగవారిలో అవయవస్తంభనము, చల్లబడిన కాళ్లు చేతులు. కుట్టినచోట బాధ యెంత యన్నది కాదు, ఈ లక్షణములే అపాయమునకు గుఱుతులు.

నేను పైని చెప్పిన బాలుడు చనిపోయినది 1987లో. "వీడి కాళ్లు చల్లగా ఉన్నాయే" అని వాని తల్లి తన చేతులతో కనుగొన్న సత్యము అంతకు అయిదేండ్ల ముందే లండన్ పత్రికలో అచ్చుపడి యుండెను. అక్షరము రాని యా తల్లియు, లాన్సెట్ సంపాదకులును ఒకే మాటను పలికిరి. నడుమనున్న మేమెవ్వరమును దానిని వినలేదు.

గుఱుతు తెలిసినది; మందేది? బావస్కర్ ఇట్లు ఆలోచించెను. నాళములు బిగిసికొనుటయే గుండెకు భారమైనచో, నాళములను సడలించిన గుండె తేఱుకొనవలెను గదా. ఆయన మొదట సోడియం నైట్రోప్రుసైడ్ అను మందును వాడి ఫలితము చూచెను. కాని దానిని చుక్కచుక్కగా నాళములోనికి ఎక్కింపవలెను. అనుక్షణము పోటు కొలువవలెను. పల్లెటూరి వైద్యశాలకు అది తగదు. అప్పుడు రక్తపుపోటు తగ్గించుటకై అంతకుముందే వాడుకలోనున్న ప్రాజోసిన్ అను మాత్ర ఆయన దృష్టికి వచ్చెను. విషముచే ఉప్పొంగిన రసము రక్తనాళములను ఏ చోట పట్టి బిగించునో ఆ చోటనే ఈ మందు అడ్డుపడును. ధర స్వల్పము, నోటితో మ్రింగవచ్చును. 1984 ప్రాంతమునుండి ఆయనయు, ఆయన సహధర్మచారిణియైన ప్రమోదినీ బావస్కర్ వైద్యురాలును దీనిని మహాడ్‌లో వాడసాగిరి. 1986లో ఆ ఫలితములు లాన్సెట్‌లో ప్రకటితములైనవి. ఈ మందు వచ్చిన పిదప తీవ్రరోగులలో మరణములు నూటికి ఒకటినుండి మూడు వఱకు మాత్రమే యయ్యెను. 1991లో ఆ దంపతులు 34 మంది పిల్లల వృత్తాంతమును ప్రత్యేకముగా ప్రకటించిరి. 2022లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది.

ఈ చికిత్సలో రెండు సూక్ష్మములు గృహిణులు కూడ తెలిసికొనదగినవి. మందు పడిన పిదప బిడ్డను పండుకొనియే యుండనీయవలెను. చంకనెత్తుకొన్నచో పోటు ఒక్కసారిగా పడిపోవచ్చును. మందు పనిచేసిన గుఱుతు నొప్పి తగ్గుట కాదు. కాళ్లు చేతులు మరల వెచ్చబడుట. వైద్యుడు తన చేతితో బిడ్డ పాదములను ముట్టి చూచి అపాయము గడచినదని చెప్పును.

ఇంతటితో చర్చ ముగియలేదు. రాధాకృష్ణమూర్తి అను శాస్త్రజ్ఞుడు విషమువలన ఇన్సులిన్ స్రావము అణగిపోవుటను పరిశోధించి, ఇన్సులిన్ ఇచ్చిన ఊపిరితిత్తులలోని నీరు తగ్గునని 1991లో సహవైద్యులతో కలిసి పిల్లల విషయమున చూపెను. ఆ పద్ధతి ప్రాజోసిన్‌వలె అంతటను వ్యాపింపలేదు. ప్రతివిషసీరము పనిచేయునా, పనిచేయదా యని చాలకాలము వాదము నడచినది. 2009లో అమెరికాలోని ఆరిజోనాలో అపాయస్థితిలోనున్న 15 మంది పిల్లలపై పరీక్ష జరిగినది. సీరము పొందిన 8 మందికిని నాలుగు గంటలలో నాడీలక్షణములు తగ్గెను. పొందని 7 గురిలో ఒక్కనికే తగ్గెను. అచటి తేలు వేఱు, మన తేలు వేఱు. కావున 2011లో మహాడ్‌లోనే 70 మంది రోగులతో పరీక్ష జరిపిరి. ప్రాజోసిన్‌తో కూడ సీరము పొందిన 35 మందిలో 32 గురు పది గంటలలో పూర్తిగా కోలుకొనిరి. ప్రాజోసిన్ మాత్రమే పొందిన 35 మందిలో ఆ గడువులో కోలుకొన్నవారు 8 మంది. మాత్ర ప్రాణము నిలుపును. సీరము కోలుకొను కాలమును తగ్గించును. రెండింటికిని చోటు కలదు.

సంస్కారమును కోరు మనము ఇక్కడ మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. మంత్రగానిని చూచి నవ్వితిమి కాని, 1980కి పూర్వము వైద్యశాలకు పోయిన బిడ్డకు దొరకినదేమి? కొందఱు అట్రోపిన్ ఇచ్చిరి. చెమట, చొంగ తగ్గును గదా యని. అది గుండె వేగమును మఱింత హెచ్చించి కీడు చేయునని పిమ్మట తేలినది. కొందఱు స్టెరాయిడ్లు ఇచ్చిరి. కొందఱు నిద్రమందులు కలిపి యిచ్చిరి. గ్రంథమున నున్నది గనుక చేసిరి, ఫలితమును లెక్కవేయలేదు. ఫలితమును లెక్కవేయని గ్రంథమునకును, ఫలితమును లెక్కవేయని మంత్రమునకును భేదమెంత? వేపమండ పట్టుకొన్నందున మూఢుడు కాడు. సూది పట్టుకొన్నందున శాస్త్రజ్ఞుడు కాడు. తాను చేసిన పనివలన ఏమైనదో చూచి, వ్రాసికొని, తప్పైనచో విడిచిపెట్టువాడే శాస్త్రజ్ఞుడు. బిర్వాడిలో జరిగినది ఇదియే. మంత్రగాని చావడిలో ఏనాడును జరుగనిదియు ఇదియే.

కావున ఇంటివారు చేయదగినదేమి? తేలు కుట్టిన బిడ్డను, నొప్పి తగ్గినను తగ్గకున్నను, వెంటనే వైద్యశాలకు కొనిపోవలెను. 108 వాహనమును పిలుచుటకు సంకోచింపరాదు. గాయమును కోయుట, పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట మానవలెను. చల్లని గుడ్డ వేసిన బాధకు కొంత ఉపశమనము కలుగును. అది బాధకే కాని విషమునకు కాదు. ఏ మందునైనను ఇంటిలో మన యంతట మనము ఈయరాదు. త్రోవలో వాంతి, చెమట, చొంగ, పాదముల చల్లదనము ఎప్పుడు మొదలైనవో గుఱుతుంచుకొని వైద్యునితో చెప్పవలెను. ఆ బిడ్డకు మూర్ఛ వచ్చినను, ముఖము వంకరపోయినను, చేయి ఆడకున్నను, మూత్రము రంగు మాఱినను తేలు సంగతి దాచరాదు. ఇక ముందుజాగ్రత్త: కట్టెలను, గడ్డిని గోడకు దూరముగా నుంచుట, చెప్పులను, పక్కబట్టలను దులిపి వాడుట, నేలపై కాక మంచముపై పిల్లలను పండుకొనబెట్టుట. ఇవి అన్నియు పేదయింటికిని సాధ్యములే.

ఆ బాలుని తల్లి నేటికిని మా యూర నున్నది. గత యేడు నేను సెలవులకు పోయినపుడు ఆమె మనుమరాలిని తేలు కుట్టినదని తెలిసి పరుగున పోతిని. మంత్రగానికై కబురు పంపవలెనని ఇంటిలో నొకరు అనుచుండిరి. ఆ ముసలియామె ఎవ్వరి మాటయు వినక, బిడ్డ పాదములు రెండింటిని తన యఱచేతులలో పట్టుకొని కూర్చుండి, "బండి పిలవండి, బాబూ. కాళ్లు చల్లబడుతున్నాయి" అని నాతో అనెను. ఆ రాత్రి మందు పడినది. తెల్లవారుసరికి పిల్ల పాదములు వెచ్చబడినవి.

ఆ మాటను ఈ మాఱు వినినవారుండిరి. మన యిండ్లలో తల్లులు చెప్పు మాటను వినుటకు శాస్త్రము కొంతకాలము తీసికొన్నది. మన మింకను తీసికొనుచున్నాము.